నో అనకూడని కంప్యూటర్

ఖమర్ జహాన్ పేరెత్తితే చోడవరంలో ఇప్పటికీ కొంతమంది, "ఆ కంప్యూటర్ పాడుచేసిన గుంట కదా" అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు నోట్లో చేదు ఊరుతుంది. ఆ కంప్యూటర్ని ఎవరు పాడుచేశారో, ఎలా పాడుచేశారో నేను పక్కనే కూర్చుని చూశాను. ఆ ప్రెస్సులో కాగితాలు మడిచి, కుట్టి, అట్టలకి జిగురు పెట్టే పని నాది. అచ్చియ్యమ్మ అంటే అక్కడికొచ్చే వాళ్ళందరికీ తెలుసు. చదువు అంతంత మాత్రం, అందుకని నాకు అర్థమైనట్టే చెబుతాను.

ప్రెస్సు వడ్డాది వెళ్ళే రోడ్డు పక్కన ఉండేది. యజమాని కామేశంగారు, ఇల్లు ప్రెస్సు వెనకే. చెడ్డవాడని అనలేను. పని చేయించుకుని మొహం చాటేసే రకం కాదు, ఒంట్లో బాగులేదంటే ఇంటికి పొమ్మనేవాడు. ఆయనకి ఉన్నదల్లా ముహూర్తాల పిచ్చి. గోడకి మేకు కొట్టాలన్నా పంచాంగం తెరిచేవాడు. ఓసారి రాహుకాలం దాటేదాకా మేకూ సుత్తీ పట్టుకున్న మనిషిని నిచ్చెన మీద అలాగే నిలబెట్టాడు. ఇంకో సంగతి, మంచి పని జరిగేటప్పుడు ఆయన ఎదుట లేదు, కాదు, వద్దు అనే మాటలు ఎవరి నోటా రాకూడదు. మా ఇళ్ళల్లోనూ ఉంది ఆ అలవాటు. బియ్యం అయిపోతే అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. అందులో తప్పు లేదు. కానీ అది బియ్యం డబ్బా దగ్గర ఉండాల్సిన అలవాటు.

ఖమర్ వాళ్ళ నాన్న బుడాన్ సాహెబ్ ఆ ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చేవాడు. చెక్క గూళ్ళల్లో ఒక్కో అక్షరం ఒక్కో గదిలో ఉండేది. ఆయన చూడకుండానే చెయ్యి పెట్టి తీసేవాడు. ప్రెస్సులో అక్షరాల సెట్లు రెండుండేవి, పాతదొకటి, కొత్తదొకటి. రెండింట్లోనూ క అంటే క, మ అంటే మ. చూడ్డానికి ఒకటే. కానీ వెంట్రుకవాసి ఎత్తు తేడా. పాత గూట్లో అక్షరం కొత్త గూట్లో పడిందంటే అచ్చులో ఆ అక్షరం తేలిపోయి, వెలిసిపోయినట్టు పడేది. ఖమర్ బడి అయ్యాక వచ్చి తండ్రి పక్కన కూర్చునేది. తీసిన అక్షరాలు తిరిగి గూళ్ళల్లో వేసే పని ఆ పిల్లకిచ్చేవాడు.

"పేరు సూసి ఎయ్యకే" అనేవాడు ఆయన. "పేరొకటే ఉంటాది. ఎక్కడ పోత పోసేరో సూడు. ఏ గూట్లోది ఆ గూట్లోకే."

ఆ పిల్ల అలాగే పనిలో పడింది. బుడాన్ సాహెబ్‌కి కళ్ళు మసకబారాక ఆయన పీట మీద ఖమర్ కూర్చుంది. ఇంట్లో సంపాదన ఆమెదే. పెళ్ళి మాటెత్తితే, "ముందు అబ్బా కళ్ళ సంగతి సూడనీ అప్పా" అనేది. నన్ను అప్పా అని పిలిచేది, సొంత అక్కలాగే చూసేది. మధ్యాహ్నం నా గిన్నెలో కూర బాగుంటే అడక్కుండా తీసుకునేది. బాగులేకపోతే, "ఏటప్పా ఇది, మైదా జిగురా" అనేది.

తొంభై ఆరులో కామేశంగారు కంప్యూటర్ కొన్నారు. సీసం అక్షరాలన్నీ తూకానికి అమ్మేశారు. గోనెసంచుల్లో పోసి రిక్షా ఎక్కిస్తుంటే బుడాన్ సాహెబ్ చప్పుడు వింటూ అరుగు మీద కూర్చున్నాడు. కంప్యూటర్లో తెలుగు కొట్టడం నేర్చుకు రమ్మని ఖమర్ని విశాఖపట్నం పంపించారు. తెలుగు ప్రోగ్రాం అమ్మిన వాళ్ళ దగ్గరే నేర్చుకుంది. తిరిగొచ్చి ఆ కుర్చీలో కూర్చున్న రోజు ఆ పిల్ల మొహం నాకింకా గుర్తుంది. పాత చున్నీ ముక్క ఒకటి తెచ్చుకుని పొద్దున్నే మీటలన్నీ తుడిచేది. దేవరాపల్లి నుంచి శుభలేఖలకొచ్చిన వాళ్ళు వెనక నిలబడి, తమ పిల్ల పేరు తెర మీద పడుతుంటే నోరు తెరుచుకుని చూసేవారు.

అలా ఏడాది బాగా సాగింది. ఆ తర్వాత దిగాడు ఫణిశ్రీనివాస్.

ఇతను కామేశంగారి భార్య లక్ష్మీసుందరమ్మగారికి తమ్ముడు. విశాఖపట్నంలో ఏదో కంప్యూటర్ కోర్సు చేశాడు. ఉద్యోగం వచ్చేదాకా బావగారి ప్రెస్సులో కాలక్షేపం. చొక్కా జేబులో ఎప్పుడూ ఫ్లాపీలు, బుగ్గలో ఎప్పుడూ కిళ్ళీ. ఆ కిళ్ళీ వేళ్ళతోనే మీటలు నొక్కేవాడు. ఖమర్ భోజనానికి లేస్తే చాలు, కుర్చీలో కూర్చుని ఎవరో ఇచ్చిన ఫ్లాపీ దూర్చేవాడు. వేరుశనక్కాయ తొక్కలు మీటల సందుల్లో ఉండేవి. ఖమర్ వచ్చి ఆ మీటల పలకని తలకిందులు చేసి కొడితే ఏమేం రాలేవో చెబితే మీరు అన్నం తినలేరు.

"ఇంత పెద్ద మిషన్లో ఒక్క తెలుగేనా బావా" అన్నాడు ఓ రోజు. "లోపల ఎంత ఖాళీ ఉందో తెలుసా? జాతకాలు వేసే ప్రోగ్రాం ఉంది, తెస్తాను. పుట్టిన తేదీ, టైము కొడితే చక్రం వేసి ఇచ్చేస్తుంది."

జాతకం మాట వినగానే కామేశంగారి కళ్ళు వెలిగాయి. ఆయనకి కంప్యూటర్ అంటే బీరువా. ఖాళీ అరలుంటే నింపాలి.

ఉగాది దాటాక ఓ శుక్రవారం పొద్దున్న ముహూర్తం పెట్టారు. జాతకాల ప్రోగ్రాం కదా, దాన్ని మంచి సమయంలోనే ఎక్కించాలట. తెరకి బొట్లు పెట్టారు. కంప్యూటర్ పెట్టె మీద బంతిపూల దండ వేశారు. మీటల పక్కనే అగరొత్తులు అరటిపండుకి గుచ్చారు. ఖమర్ని లేవమన్నారు. లేచి నా పక్కకొచ్చి నిలబడింది.

ఫణి ఒక్కో ఫ్లాపీ పెడుతున్నాడు. మధ్యలో తెర మీద ఇంగ్లీషులో ఏదో ప్రశ్న వచ్చింది.

"ఏవిటంటోందిరా?" అన్నారు కామేశంగారు.

"ఏదో ఫైలు ముందే ఉందిట బావా. ఉన్నది కొత్తదిట. దాని మీద మనది వెయ్యమంటావా అంటోంది." ఫణి చెయ్యి కొంచెం ఆగింది. "నో కొట్టాలేమో."

"మంచి ముహూర్తంలో నో ఏవిట్రా, నీకేమైనా మతిపోయిందా? అన్నిటికీ యెస్ కొట్టు."

"సరే, నీ ఇష్టం" అని ఫణి నవ్వి యెస్ కొట్టాడు. ఇంకోటి అడిగింది. దానికీ యెస్. అది అడగడం, వీళ్ళు చదవకుండా యెస్ అనడం, అలా అయింది ఆ పూజ. ఆఖర్న బల్ల అంచు మీదే కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు చింది మీటల మీద పడ్డాయి.

"బాబుగారూ, తడి" అంది ఖమర్, చున్నీ ముక్క పట్టుకుని ముందుకొస్తూ.

"కొబ్బరినీళ్ళే కదమ్మాయ్, అమృతం" అన్నారు ఆయన.

మర్నాడు తెలుగు ప్రోగ్రాం తెరుచుకోలేదు. ఖమర్ తెర మీదున్న దాని బొమ్మ నొక్కుతుంటే, బూడిదరంగు డబ్బా ఒకటి వచ్చి, ఏదో ఫైలు పేరు చెప్పి, మూసుకుపోయేది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే. అప్పుడు చేతిలో ఉన్న పని కె.కోటపాడు ట్యుటోరియల్ మాస్టారి పదోతరగతి గైడు. స్కూళ్ళు తెరిచేనాటికి పుస్తకం పిల్లల చేతిలో ఉండాలి. కొట్టిన పేజీలన్నీ ఆ తెలుగు ప్రోగ్రాంలోనే ఉన్నాయి. తాళం చెవి పోయిన పెట్టెలో బట్టల్లాగా, ఉన్నాయి కానీ తియ్యలేం.

"వైరస్ అయ్యుంటాదప్పా" అంది. "పేపర్లో రాస్తన్నారు కదా." కొబ్బరినీళ్ళ వల్లేమో అని కూడా అనుకుంది. మీటలు ఒక్కొక్కటే ఊడదీసి తుడిచింది. చీమలు బారులు కట్టి బయటికొచ్చాయి. అరటిపండు వాసన, కుళ్ళిన బంతిపూల వాసన, కిళ్ళీ వాసన కలిసిపోయి ఆ మూలకి వెళ్తే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఎంత తుడిచినా తెలుగు తెరుచుకోలేదు. ఆఖరికి ఎస్టీడీ బూత్‌కి పోయి విశాఖపట్నం ఫోన్ చేసింది.

తెలుగు ప్రోగ్రాం అమ్మిన వాళ్ళ మనిషి బస్సెక్కి వచ్చాడు. కుర్చీలో కూర్చోబోయి, మీటల్ని చూసి, జేబురుమాలు పరుచుకుని దాని మీదనుంచి నొక్కాడు. సిగ్గుతో చచ్చిపోయాం ఇద్దరమూ. కాసేపు లోపలికీ బయటికీ తిరిగి, "కొత్తగా ఏమెక్కించారు?" అని అడిగాడు. ఖమర్ చెప్పింది.

"అదీ సంగతి" అన్నాడు. "చూడమ్మా, విండోస్‌లో కొన్ని ఫైళ్ళు అందరూ కలిసి వాడుకునేవి ఉంటాయి. డీఎల్ఎల్ అంటాం. మా తెలుగూ అందులో ఒకటి వాడుకుంటుంది, మీ జాతకాలూ అదే వాడుకుంటుంది. పేరు ఒకటే. మాతో వచ్చింది కొత్తది, జాతకాలతో వచ్చింది ఎప్పటిదో పాతది. కొత్తదాని మీద పాతది వేసేశారు. పాతదానితో మా తెలుగు నడవదు."

"పేరొకటే, ఎత్తు వేరు" అంది ఖమర్ మెల్లిగా.

"ఏవన్నావ్?"

"ఏం లేదండి. సీసం అచ్చరాల్లో కూడా ఇలాగే అయ్యేది. అయితే రెండూ ఒక మిషన్లో ఉండకూడదేటి?"

"ఎందుకుండకూడదు? కొత్త ఫైలు ఉంచితే రెండూ నడుస్తాయి. ఉన్నదాని మీద వెయ్యమంటావా అని అది అడుగుతుంది. చదువుకుని నో అంటే చాలు. అంతే."

తెలుగు మళ్ళీ ఎక్కించి, తెలుగూ జాతకాలూ రెండూ తెరిచి చూపించి వెళ్ళిపోయాడు. కామేశంగారు సంతోషించారు. ఆ సాయంత్రమే ఎవరిదో జాతకం వేశారు. ఖమర్ అదను చూసి చెప్పింది.

"బాబుగారూ, ఇంకోసారి ఏదైనా ఎక్కిస్తే నన్ను పిలవండి. ఆ ప్రశ్నకి నో కొట్టాలంట."

"సరేలే, చూద్దాం" అన్నారు ఆయన, జాతక చక్రం మీంచి తల ఎత్తకుండా.

ఫణి మాత్రం విన్నాడు. "కోర్సు చేసింది నేనా, నువ్వా?" అన్నాడు. ఖమర్ చున్నీ ముక్క తీసి మీటలు తుడుచుకుంది. నాకు మాత్రం ఆ కిళ్ళీ బుగ్గ మీద ఒకటి ఇవ్వాలనిపించింది.

రెండోసారి ఖమర్ ఊళ్ళో లేని పూట జరిగింది. గైడు పేజీలు మాస్టారికి చూపించడానికి కె.కోటపాడు వెళ్ళింది. ఈలోగా ఫణి పెళ్ళి పొంతనాలు చూసే ప్రోగ్రాం తెచ్చాడు. ఆ రోజు తిథి దివ్యంగా ఉందని కామేశంగారు అప్పటికప్పుడు కొబ్బరికాయ తెప్పించారు. ప్రశ్న వచ్చింది. ఫణి ఈసారి ఆగనైనా ఆగలేదు.

నేను జిగురు గిన్నె పక్కనపెట్టి లేచాను. "శ్రీనివాస్ బాబూ, ఆ గుంట నో కొట్టమని సెప్పినాది కదా."

"ఒసే అచ్చియ్యమ్మా" అన్నారు కామేశంగారు కళ్ళు పెద్దవి చేసి, "పూజ మధ్యలో ఆ మాట అనకే తల్లీ. కావాలంటే బయటికెళ్ళి అను."

అంతే. యెస్ పడిపోయింది. సాయంత్రం ఖమర్ వచ్చి కూర్చుని బొమ్మ నొక్కితే, మళ్ళీ ఆ బూడిదరంగు డబ్బా.

అసలు కంపరం అప్పుడు మొదలైంది. "నేను ఎక్కించినప్పుడు మిషను బాగానే ఉంది బావా, పొంతనం వేసి చూసుకున్నాం కదా. ఈవిడొచ్చి ముట్టుకుంది, పోయింది" అన్నాడు ఫణి. ఎంత తేలిగ్గా అన్నాడో. పోయిన ప్రోగ్రాం తెలుగు, తెలుగు తెరిచేది ఖమర్ ఒక్కతే. ఎప్పుడు పోయినా ఆ పిల్ల చేతిలోనే పోయినట్టు కనబడుతుంది. కామేశంగారు కాసేపు ఆలోచించారు. ఆలోచించి, ఆ పిల్ల కుర్చీ పైన నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి వేలాడదీయించారు. నాలుగు రోజులకి ఆ నిమ్మకాయ బూజు పట్టి, చుక్కలు చుక్కలుగా రసం ఖమర్ తల మీద కారింది. తల తుడుచుకుని పని చేసుకుంది. దేవరాపల్లి వాళ్ళు శుభలేఖ కాయితం ఇవ్వడానికొచ్చి, పైకి చూసి, గుసగుసలాడుకున్నారు.

"ఆ గుంట సెయ్యి మంచిది కాదంట. మనది శ్రీనివాస్ బాబు సేత కొట్టించుకుందుం."

శ్రీనివాస్ బాబుకి తెలుగులో తన పేరు కొట్టుకోవడమైనా రాదు.

విశాఖపట్నం మనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చోలేదు, నిలబడే బాగుచేశాడు. "ఇంకోసారి ఇలాగే చేస్తే మేం రాం" అని కామేశంగారికి మొహానే చెప్పాడు. ఆయనకి పౌరుషం వచ్చింది. అతను వెళ్ళగానే ఖమర్ని పిలిచారు.

"అమ్మాయ్, మీ నాన్న మొహం చూసి ఊరుకుంటున్నాను. ఇంకొక్కసారి తెలుగు తెరుచుకోలేదంటే నువ్వు మళ్ళీ సీసం అక్షరాల దగ్గరికి పోవడమే."

సీసం అక్షరాలు ఎక్కడున్నాయి? ఎప్పుడో అమ్మేశారు కదా. ఆ మాటకి అర్థం ఇంటికి పొమ్మనే. ఇంటి దగ్గర కళ్ళు కనబడని తండ్రి.

లోపల నుంచి లక్ష్మీసుందరమ్మగారు కాఫీ తెస్తూ ఈ మాట విన్నారు. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ముహూర్తం పెట్టింది మీరు, మీట నొక్కింది మా వాడు, కోపం ఈ పిల్ల మీదా" అన్నారు. కామేశంగారు కాఫీ తీసుకున్నారు, మాట తీసుకోలేదు.

గైడు ఆఖరి పాఠాల్లో ఉండగా ఫణి మూడోది తెచ్చాడు. పిల్లలకి నక్షత్రాన్ని బట్టి పేర్లు చెప్పే ప్రోగ్రాం. శుక్రవారం ముహూర్తం అన్నారు. ముందురోజు మధ్యాహ్నం ఖమర్ నా పక్కన కూర్చుంది. గిన్నె విప్పింది గానీ తినలేదు.

"ఏటే, తినవేం?"

"అప్పా, రేపు ఆళ్ళు యెస్ కొడితే తెలుగు పోతాది. తెలుగు పోతే నన్ను పంపించేస్తారు. నేను కూర్చుని నో కొడితే తెలుగు ఉంటాది, ముహూర్తం పాడుచేసేనని నన్ను పంపించేస్తారు."

"అయితే రేపు మానీ. ఒంట్లో బాగోలేదని సెప్పు. పోతే పోయినాది, నీ సేతిలో పోలేదు కదా."

"ఇంతకుముందు నేను లేనప్పుడే కదా పోయింది? ఎవరి మీద పడింది?" అంది. కొంచెంసేపు అన్నం కెలికి, "ఒక్క పాఠం తప్ప గైడు మొత్తం కొట్టేనప్పా. పైథాగరస్ బొమ్మ గీయడానికి ఎంత ఏడ్చేనో. అది తెరుచుకోకండా అయిపోతే నాకు బాగోదు" అంది.

శుక్రవారం మళ్ళీ అదే తంతు. బొట్లు, దండ, అరటిపండు. పోయినసారి కుంకం ఇంకా తెర అంచుల్లో మడ్డిలా ఉంది, దాని మీదే కొత్తది పెట్టారు. ఖమర్ కుర్చీలోంచి లేవలేదు.

"నేను ఎక్కిస్తాను బాబుగారూ" అంది.

ఫణి మొహం ముడుచుకున్నాడు. కామేశంగారికి మాత్రం నచ్చింది. "మంచిదే. నీ చేత్తోనే జరగనీ, దోషం ఉంటే పోతుంది" అన్నారు.

ఫ్లాపీలు పెడుతూ ఉంది. మామూలు ప్రశ్నలకి యెస్ కొడుతూ ఉంది. కామేశంగారు కళ్ళు మూసుకుని ఏదో చదువుకుంటున్నారు. అప్పుడు వచ్చింది ఆ ప్రశ్న. ఖమర్ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"బాబుగారూ, ఒక్కసారి ఇనండి. ఇది కొత్త ఫైలు మీద పాతది ఎయ్యమంటావా అని అడుగుతన్నాది. ఎయ్యొద్దంటేనే రెండూ బాగుంటాయి. ఇశాపట్నం ఆయన సెప్పేడు, మీకూ సెప్పేను."

కామేశంగారు కళ్ళు తెరిచారు. "ముహూర్తం దాటిపోతోంది, యెస్ కొట్టు."

"కొడితే మాస్టారి గైడు పోతాది బాబుగారూ."

"కొట్టమంటున్నానా?"

"తప్పుకో, నేను కొడతాను" అని ఫణి చెయ్యి చాపాడు. ఆ వేళ్ళకి సున్నమూ వక్కపొడీ అంటుకుని ఉన్నాయి. ఖమర్ ఆ వేళ్ళని చూసింది. పేడ పురుగుని చూసినట్టు చూసింది. చూసి, తను నో నొక్కేసింది.

గదిలో అగరొత్తి పొగ తప్ప ఏదీ కదల్లేదు. ప్రోగ్రాం మాత్రం ఏమీ ఎరగనట్టు ఎక్కడం పూర్తి చేసుకుంది. ఖమర్ పేర్ల ప్రోగ్రాం తెరిచింది, తెరుచుకుంది. జాతకాలు తెరిచింది, తెరుచుకున్నాయి. తెలుగు తెరిచింది. గైడు మొదటి పేజీ తెర నిండా వచ్చింది.

"సూడండి బాబుగారూ, అన్నీ ఉన్నాయి."

ఆయన తెర వైపు చూడలేదు. చేతిలో కొబ్బరికాయ అలాగే ఉంది. "మంచి పూట, నా ఇంట్లో నో అన్నావు."

"మీ ఇంట్లో అనలేదండి, మిషన్లో అన్నాను."

"లే" అన్నారు. "రేపట్నుంచి రానక్కర్లేదు."

ఖమర్ లేచింది. నేను ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చున్నీ ముక్క తీసి మీటలు ఒకసారి తుడిచింది, ఆ గుడ్డ వైపు చూసి, ఇంటికి తీసుకెళ్ళడానికి మనసొప్పక గుమ్మం పక్కనున్న చెత్తబుట్టలో పడేసింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. కామేశంగారు కొబ్బరికాయ కొట్టారు.

తెలుగు ఆ తర్వాత ఒక్కరోజు కూడా మొరాయించలేదు. మిగిలిన ఆఖరి పాఠం అనకాపల్లి నుంచి ఎవరినో పిలిపించి కొట్టించారు. గైడు అచ్చయింది, స్కూళ్ళు తెరిచేనాటికి కె.కోటపాడు చేరింది. పేజీలు మడిచింది నేనే. పైథాగరస్ బొమ్మ వచ్చినప్పుడల్లా నా చెయ్యి ఆగేది. అదే గదిలో ఫణి బావగారితో అన్న మాట కూడా విన్నాను.

"చూసేవా బావా? ఆవిడ వెళ్ళింది, మిషను బాగుపడింది."

"అవునురా" అన్నారు ఆయన నమ్మకంగా. వచ్చే పోయే వాళ్ళకీ అదే చెప్పారు. వాళ్ళు ఊళ్ళో చెప్పారు. కంప్యూటర్ పాడుచేసిన గుంట అనే పేరు అలా పుట్టింది. ఆ పిల్ల నొక్కిన ఒక్క నో మీద ప్రెస్సు మొత్తం బతుకుతూ, ఆ పిల్లనే ఆడిపోసుకోవడం. తలుచుకుంటే ఇప్పటికీ ఉమ్మాలనిపిస్తుంది.

ఖమర్‌కి అనకాపల్లిలో పని దొరకడానికి కొంతకాలం పట్టింది. మిషను పాడుచేస్తుందన్న మాట తనకంటే ముందే బస్సెక్కి అక్కడికి చేరింది మరి. ఆఖరికి బజార్లో ఒక చిన్న షాపాయన పెట్టుకున్నాడు. తండ్రిని కూడా అక్కడికే తీసుకెళ్ళింది.

దసరాకి కామేశంగారి ప్రెస్సులో ఆయుధ పూజ. ఫణి కార్ల పందెం ఆట ఒకటి తెచ్చి, సకుటుంబంగా చూడవచ్చని ఎక్కించాడు. అడిగిందానికల్లా యెస్ కొట్టాడు. ఇంకేముంది, తెలుగు పోయింది. విశాఖపట్నం వాళ్ళు రామన్నారు. దేవరాపల్లి శుభలేఖలు ఆగిపోయాయి. ఫణి ఫ్లాపీలు జేబులో వేసుకుని, ఇంటర్వ్యూ ఉందని చెప్పి ఊరు దాటేశాడు. నెల రోజులు చూసి, ఒక గురువారం కామేశంగారు నన్ను పిలిచారు.

"అచ్చియ్యమ్మా, అనకాపల్లి వెళ్ళి ఆ పిల్లని రమ్మనవే. పాతవన్నీ మర్చిపోయానని చెప్పు."

ఏం మర్చిపోయాడట? చేసింది ఆయన, మర్చిపోవాల్సింది ఆ పిల్ల. అయినా బస్సెక్కాను, ఖమర్ని చూసినట్టుంటుందని.

చిన్న షాపు. కంప్యూటర్ మీద తెల్లటి గుడ్డ. మీటలు గిన్నెల్లా మెరుస్తున్నాయి. కొత్తగా ఏదైనా ఎక్కించాలంటే షాపాయన ముందు ఖమర్ని అడుగుతాడట. పక్కనే స్టూలు మీద బుడాన్ సాహెబ్ కూర్చుని వచ్చే పోయే వాళ్ళతో కబుర్లు చెబుతున్నాడు.

"ఏటప్పా, సన్నబడిపోనావు" అంది ఖమర్. టీ తెప్పించింది. నేను వచ్చిన పని చెప్పాను. తెలుగు తెరుచుకోవడం లేదని, దేవరాపల్లి వాళ్ళు గొడవ చేస్తున్నారని, కామేశంగారు రమ్మన్నారని.

"ఏటెక్కించేరు?"

"కారు బొమ్మలాట."

బుడాన్ సాహెబ్ నవ్వాడు. ఖమర్ నవ్వలేదు. "నిమ్మకాయ తీసేరా?" అని అడిగింది.

"లేదే. ఎండిపోయి అలాగే ఏలాడతన్నాది."

ఆ మాటకి మొహం అదోలా పెట్టి, టీ గ్లాసు కింద పెట్టేసింది. "నేను రాను అప్పా. తెలుగు మళ్ళీ ఎలా ఎక్కించాలో ఈ షాపాయనకి తెలుసు, కావాలంటే ఆయన్ని పిలుచుకోమను. నేను మాత్రం ఆ కుర్చీలో కూర్చోను. రాను అన్నానని సెప్పు, ఇంకోలా సెప్పకు."

మర్నాడు పొద్దున్న ప్రెస్సుకి వెళ్ళేసరికి కామేశంగారు కంప్యూటర్ ముందు అగరొత్తి వెలిగిస్తున్నారు. కుర్చీ ఖాళీగా ఉంది. పెట్టె వెనకనుంచి చీమలు గోడెక్కుతున్నాయి.

"ఏమంది? వస్తానందా?"

"రానన్నాది బాబుగారూ."

ఆయన చేతిలో అగరొత్తి ఆగిపోయింది. "శుక్రవారం పూట, దీపం దగ్గర, ఆ మాట అలాగేనా అనడం? వీలు చూసుకుని వస్తానందని చెప్పొచ్చు కదే."

"అలా అనలేదు బాబుగారూ. రాను అన్నాది" అని, నేను నా జిగురు గిన్నె దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. మడవడానికి కాగితాలేమీ లేవు.